ఇతర క్రిస్మస్

కోదండపాణిగారు ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో ఏ ఫారమ్‌లోనూ ఒక్క కాలమ్ ఖాళీగా వదిలిన మనిషి కాదు. తణుకులో ఆయన సూపరింటెండెంటుగా ఉన్న ఆఫీసులో ఖాళీ కాలమ్ కనిపిస్తే ఫైలు వెనక్కి తిరిగి రావడం ఆనవాయితీ. అలా తిప్పి పంపేది కూడా ఎక్కువసార్లు ఆయనే. 'వర్తించదు' అని రాయడం సైతం ఆయనకు గిట్టదు. వర్తించని సంగతిని ప్రభుత్వం ఎందుకడుగుతుంది అన్నది ఆయన వాదన.

అటువంటి మనిషి చైనా వెళ్ళడానికి కారణం చైనా కాదు, క్యాజువల్ లీవులు. ఆ ఏడాది కొన్ని మిగిలిపోయాయి. డిసెంబరు ముప్పై ఒకటి దాటితే మురిగిపోతాయి. ఆదివారాలు, క్రిస్మస్ సెలవు కలుపుకొంటే పది రోజులు వస్తాయి. పదికి మించి కలపకూడదని రూలు. రూలు పది రోజులు ఇస్తుంటే తొమ్మిదే వాడుకోవడం రూలును చిన్నచూపు చూడటమే అవుతుందని ఆయన తీర్మానించారు. అదే ఊళ్ళో తాతారావు అనే అతను జనాన్ని పోగేసి విదేశాలు తిప్పుతుంటాడు. అతని చైనా టూరు డిసెంబరు పద్దెనిమిది నుంచి ఇరవై ఏడు దాకా, లెక్కకు పది రోజులు. గ్వాంగ్‌జౌ, షియాన్, బీజింగ్, షాంఘై. నాలుగు ఊళ్ళలోనూ ఒకే కంపెనీ హోటళ్ళు.

"చైనాయా?" అంది వకుళమ్మ, కూర తరుగుతున్న చెయ్యి ఆపి. "ధనుర్మాసంలోనా?"

"ధనుర్మాసం అక్కడికీ వస్తుందిగా. సూర్యుడు ఒక్కడేగా."

"సూర్యుడి సంగతి కాదండీ. నా ముగ్గు సంగతి."

వకుళమ్మకు ఇరవై రెండేళ్ళుగా ఒక వ్రతం ఉంది. ధనుర్మాసం ముప్పై రోజులూ సూర్యోదయానికి ముందే లేచి, స్నానం చేసి, నేల మీద తన చేత్తో ముగ్గు వేసి, ఆ పక్కన దీపం పెట్టి, ఆనాటి పాశురం చదువుకుని, పులగం నైవేద్యం పెట్టాలి. వేసిన ముగ్గు ఆ నెలలో మళ్ళీ వేయకూడదు. ముప్పై రోజులకు ముప్పై ముగ్గులు. పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషనైన ఏడు ఆస్పత్రి మంచం పక్కన నేల మీద నీళ్ళతో వేలితో వేసింది తప్ప మానలేదు.

"ఒక్క రోజు కూడా తప్పదు. నాదీ పూచీ," అన్నారు కోదండపాణిగారు.

"ఆఫీసు మాటా, ఇంటి మాటా?"

"ఇంటి మాటే."

అయితే సరేనని వకుళమ్మ మూడు కేజీల బియ్యప్పిండి, పెసరపప్పు, మిరియాలు, చిన్న కరెంటు కుక్కరు సర్దుకుంది. పరాయి దేశంలో నేల ఎలా ఉంటుందోనని కోదండపాణిగారు ఆఫీసు బల్ల మీంచి తీసేసిన నల్ల రెక్సిన్ ముక్క ఒకటి పెట్టెలో పెట్టుకున్నారు.

ఆయన అనుమానమే నిజమైంది. గ్వాంగ్‌జౌ హోటలు పదకొండో అంతస్తు వరండా అంతా తివాచీ. పంతొమ్మిదో తారీకు తెల్లవారుజామున ఐదున్నరకు గది గుమ్మం ముందు రెక్సిన్ పరిచారు. వకుళమ్మ దాని మీద పద్మాల ముగ్గు వేసి, దీపం పెట్టి, పాశురం అందుకుంది. అప్పుడే గదులు తుడిచే ఆవిడ బండి తోసుకుంటూ వచ్చి ఆగిపోయింది. ముగ్గును చూసింది, వకుళమ్మను చూసింది, చిరునవ్వు నవ్వింది. తర్వాత ఎందుకైనా మంచిదని వెళ్ళి మేనేజర్ను పిలుచుకొచ్చింది.

మేనేజరు నల్లకోటు వేసుకుని, నెత్తిన తెల్ల బంతి వేలాడే ఎర్రటోపీ పెట్టుకుని ఉన్నాడు. కింద హాల్లో క్రిస్మస్ చెట్టు పెట్టిన దగ్గర్నుంచి ఉద్యోగులందరికీ ఆ టోపీ తప్పనిసరి చేశారని తాతారావు ముందురోజే చెప్పాడు. మేనేజరు జేబులోంచి ఫోను తీసి దానితో చైనా భాషలో ఏదో అన్నాడు. ఫోను ఒక్క క్షణం ఆలోచించుకుని, రేడియోలో వ్యవసాయ వార్తలు చదివే ఆవిడ గొంతుతో తెలుగులో మాట్లాడింది.

"గౌరవనీయ విదేశీ అతిథులారా! తమచే స్వచ్ఛందముగా నిర్వహింపబడుచున్న పండుగ కార్యకలాపము మా దృష్టికి తీసుకొనిరాబడినది. అందులకు హర్షము వ్యక్తము చేయబడుచున్నది."

ఆ భాష వినగానే కోదండపాణిగారికి పరాయి దేశంలో ఉన్నానన్న బెంగ సగం తీరిపోయింది.

విషయం ఏమిటంటే, ఆ హోటళ్ళ కంపెనీకి షాంఘైలో ప్రధాన కార్యాలయం ఉంది. అందులో పండుగ వాతావరణ విభాగం అని ఒకటి ఉంది. విదేశీ అతిథి ఎవరూ క్రిస్మస్ లేకుండా మిగిలిపోకూడదని ఆ విభాగం ఈ ఏడాది సర్క్యులర్ ఇచ్చింది. గదికొక ప్రొఫార్మా నింపి పంపాలి. మేనేజరు ఆ కాగితం తీశాడు. 'అతిథి జరుపుకొను క్రిస్మస్ యొక్క స్వరూపము' అన్న దాని కింద నాలుగు గళ్ళున్నాయి. చెట్టు, టోపీ, విందు, ఇతర క్రిస్మస్.

"మాది క్రిస్మస్ కాదు బాబూ," అంది వకుళమ్మ ఫోను దగ్గరగా వంగి. "మాది ధనుర్మాసం. మా ఎదురింటి మార్తమ్మగారిది క్రిస్మస్. ఆవిడ కేకు పంపుతుంది, నేను పులగం పంపుతాను. ఆవిడది ఆవిడదే, నాది నాదే."

ఫోను ఆ మాటలు మోసుకెళ్ళి, జవాబు పట్టుకొచ్చింది. "డిసెంబరు మాసమున విదేశీయులు సూర్యోదయమునకు పూర్వమే మేల్కొని, దీపము వెలిగించి, దైవమును కీర్తించినచో, అది క్రిస్మస్ కాదని నమోదు చేయుటకు మా వద్ద కాలమ్ లేదు."

ఇది న్యాయమైన మాటే అనిపించింది కోదండపాణిగారికి. కాలమ్ లేనప్పుడు పాపం అతను మాత్రం ఏం చేస్తాడు? పెన్ను తీసి 'ఇతర క్రిస్మస్' ఎదురుగా టిక్కు పెట్టి సంతకం చేశారు. మేనేజరు ముగ్గు పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని, వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

"అదేంటండీ, అబద్ధం కదా?" అంది వకుళమ్మ.

"అబద్ధమెలా అవుతుంది? 'ఇతర' అంటే ఏదైనా కావచ్చు. ఆఫీసు వ్యవహారం నీకు తెలీదు, ఊరుకో."

రైలెక్కి షియాన్‌లో దిగేసరికి ఆ టిక్కు వాళ్ళకంటే ముందే అక్కడికి చేరిపోయింది. హోటలు గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టి, దాని మీద బంగారు రంగులో ఏదో రాశారు. తాతారావు తన ఫోను చూపించి చదివించాడు. 'ఇతర క్రిస్మస్ నిర్వాహకులకు ఘన స్వాగతము.'

"ఆయ్, చూశారా బాబాయిగారండీ!" అన్నాడు తాతారావు. "పదేళ్ళనుంచి జనాన్ని తిప్పుతున్నానండి, నాకెవడూ చేతిరుమాలంత గుడ్డ కూడా కట్టలేదండి. పిన్నిగారు వచ్చీ రాగానే పన్నెండు గజాలండి!"

మర్నాడు తెల్లారకట్ల తలుపు తీసేసరికి బయట ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకరి చేతిలో లైటు, ఒకరి చేతిలో చీపురు, మూడో మనిషి పని చుక్కలు లెక్కపెట్టడం. 'నేల తడిగా ఉన్నది, జాగ్రత్త' అన్న పసుపు బోర్డు అటొకటి ఇటొకటి పెట్టి, మధ్యలో వకుళమ్మను ముగ్గు వేసుకోమన్నారు. ఆ రోజు ఆవిడ పదిహేను చుక్కలు, సందు చుక్కతో ఎనిమిది వరకు పెట్టి, చుట్టూ చిలకలు వచ్చే ముగ్గు వేసింది. ఆఖరి చిలక ముక్కు దిద్దేసరికి ముగ్గురూ చప్పట్లు కొట్టారు. వకుళమ్మకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే కలిగాయి.

తర్వాత షియాన్ మేనేజరు ముగ్గును ఫొటో తీసుకుని, ఇంకో ప్రొఫార్మా తెచ్చాడు. ఇది మొదటి దానికంటే పొడుగు.

"ప్రధాన కార్యాలయము వారు ఇతర క్రిస్మస్ యొక్క ప్రమాణమును కోరియున్నారు," అంది ఫోను. "ప్రమాణము లేని పండుగను పర్యవేక్షించుట కష్టసాధ్యము."

కాగితం మీద 'చుక్కల సంఖ్య' అని ఒక కాలమ్, 'వరుసలు', 'రంగు', 'వేళ', చివర 'ధ్రువీకరించు అధికారి' అని ఇంకో కాలమ్ ఉన్నాయి. కోదండపాణిగారి చెయ్యి దానంతటదే కదిలింది. పదిహేను. ఎనిమిది. తెలుపు. ఐదున్నర. చివరి కాలమ్‌లో తన పేరు, దాని కింద 'సూపరింటెండెంటు' అని హోదా రాశారు. రబ్బరు స్టాంపు తణుకులో ఉండిపోయిందని కొంచెం బాధపడ్డారు కూడా.

"ఏవండీ, రేపు వేరే ముగ్గు కదా? చుక్కలు మారతాయి," అని గుర్తు చేసింది వకుళమ్మ.

"రేపటి సంగతి రేపు చూద్దాం. అక్కడ ఒకటే గీత ఉంది రాయడానికి."

ఆ పగలు వాళ్ళను మట్టి సిపాయిల దగ్గరకు తీసుకెళ్ళారు. పూర్వం రాజుగారి సమాధికి కాపలాగా పెట్టిన బొమ్మలు, వేలకు వేలు, వరుసల్లో నిలబడి ఉన్నాయి. కోదండపాణిగారికి ఆ వరుసలు నచ్చాయి. వకుళమ్మ మాత్రం చాలాసేపు కటకటాల దగ్గర నిలబడి చూసింది.

"ఇంతమంది ఉన్నారా, ఒకడి మొహం ఇంకొకడికి లేదు చూశారా," అంది. "చేసినవాడు ఎంత ఓపిక గలవాడో!"

బీజింగ్‌లో చలి ఎముకల్లోకి దిగింది. చైనా గోడ ఎక్కి దిగి వచ్చి అందరూ దుప్పట్లలో దూరారు. ఇరవై మూడో తారీకు తెల్లవారుజామున వకుళమ్మ తలుపు తీసేసరికి వరండా పొడవునా, తాతారావు బృందంలోని ప్రతి గది ముందూ ఒక నల్ల రెక్సిన్ ముక్క, దాని మీద అచ్చు గుద్దిన తెల్లటి ముగ్గు. పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు, చుట్టూ చిలకలు. వకుళమ్మ చేత్తో వేసినప్పుడు మూడో చిలక తోక కొంచెం వంకర పోయింది. ప్రతి గుమ్మంలోనూ మూడో చిలక తోక అంతే వంకరగా ఉంది.

పక్క గదిలోంచి పెనుగొండ సుభద్రమ్మ శాలువా కప్పుకుని తొంగిచూసింది. "వదినగారూ! చూశారా, నేను లేవకుండానే నా గుమ్మంలో ముగ్గు పడింది! ఈ సదుపాయం మన ఊళ్ళో ఎప్పుడొస్తుందో!"

వకుళమ్మ తన గుమ్మం ముందున్న అచ్చుముక్కను చుట్టి పక్కన పెట్టి, సొంత రెక్సిన్ పరిచి ఆ రోజుకు అనుకున్న మెలికల ముగ్గు వేసుకుంది. పూజ అయ్యేసరికి టేపు పట్టుకుని ఒక తనిఖీ అధికారి వచ్చాడు. కొలిచాడు, పెదవి విరిచాడు, తలుపుకి పసుపు చీటీ అంటించాడు.

"స్వల్ప వ్యత్యాసము గమనింపబడినది," అంది ఫోను. "ఇతర క్రిస్మస్ ప్రమాణమునకు భిన్నముగా ఉన్నది. అతిథి అనుభవరాహిత్యము వలన జరిగియుండవచ్చునని భావించి ప్రస్తుతమునకు ఉపేక్షింపబడుచున్నది."

"అనుభవరాహిత్యమా!" అంది వకుళమ్మ. "నాకా?"

మర్నాడు ఇంకో చీటీ పడింది. ఈసారి ఎర్రది. దానితోపాటు క్రిస్మస్ ముందురోజు కానుకగా ప్రతి అతిథికీ తళతళలాడే డబ్బాలో ఒక యాపిల్ పండు కూడా ఇచ్చారు. వకుళమ్మ పండును నైవేద్యం పెట్టింది. చీటీని మడిచి భర్త చేతికిచ్చింది.

షాంఘై రైలు గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోతోంది. వకుళమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కోదండపాణిగారు రెండుసార్లు వేడినీళ్ళు తెచ్చి ఇచ్చారు. రెండోసారి గ్లాసు ఖాళీ చేసి ఆయన వైపు తిరిగింది.

"మీరు నాకొక మాట ఇచ్చారు," అంది. "దాన్నే ఆ కాగితం మీద రాసి వాళ్ళకిచ్చేశారు."

కోదండపాణిగారు జేబులోంచి ఆ ఎర్ర చీటీ తీసి, జవాబు రాయడానికి అందులో కాలమ్ ఏదైనా ఉందేమోనని రెండు వైపులా వెతికారు.

షాంఘై హోటలు ఇరవై నాలుగు అంతస్తులది. ప్రధాన కార్యాలయం కూడా అందులోనే. క్రిస్మస్ నాడు ఉదయం ఐదుంపావుకు ప్రతి గదిలోనూ ఫోను మోగింది. విదేశీ అతిథులందరూ ఐదున్నరకు తమతమ గుమ్మాల ముందు ఇతర క్రిస్మస్ పక్కన నిలబడాలని మర్యాదగా తెలియజేశారు. వకుళమ్మ అప్పటికే స్నానం చేసి, కుక్కర్లో పులగం వండి, పిండిగిన్నె పట్టుకుని ఉంది. తలుపు తీస్తే వరండా అంతా జనం. నైటీల మీద కోట్లు వేసుకున్నవారు, ఒక కాలికే చెప్పున్నవారు, పళ్ళు తోముకుంటూనే వచ్చేసిన గడ్డం పెద్దమనిషి, ఇలా ఎన్ని దేశాలవాళ్ళో, ప్రతి ఒక్కరూ ఒక అచ్చుముగ్గు పక్కన ఆవులిస్తూ నిలబడి ఉన్నారు. ఎదురుగదిలో ఉన్న తెల్లజుట్టు దొరసాని తన ఫోను చేత వకుళమ్మతో ఒక మాట చెప్పించింది.

"ఈ చైనావారి ప్రాచీన ఆచారము ఎంత మనోహరముగా ఉన్నది కదా!"

వకుళమ్మ తన గుమ్మం వైపు చూసుకుంది. అక్కడి అచ్చుముగ్గును ఈసారి ఊరికే పరచలేదు. దాని మీద మందపాటి గాజుపలక వేసి నాలుగు మూలలా మరలు బిగించారు. ఆవిడ ఆ పలక మీదే చుక్క పెట్టబోయేసరికి ఇద్దరు ఉద్యోగులు చేతులడ్డం పెట్టి వంగి నమస్కారం చేశారు. కాసేపటికి పండుగ వాతావరణ విభాగం అధిపతి శ్రీమతి చెన్ స్వయంగా వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. బంగారు ఫ్రేము కళ్ళజోడు, ఎర్రటోపీ, నిద్ర లేక ఉబ్బిన కళ్ళు.

"హస్తలిఖిత ముగ్గులు అనుమతింపబడవు," అంది ఆమె ఫోను. "అవి దినదినమునకు మారుచున్నవి. రెండు చీటీలు పొందిన అతిథుల గదికి నేడు రక్షణ పలక అమర్చబడినది."

కోదండపాణిగారు గడియారం చూసుకున్నారు. ఆరూ ఐదు. షాంఘైలో సూర్యోదయం ఆరూ యాభైకి. గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, ఆ ప్రమాణం మీద సంతకం నాదే. నేనే ధ్రువీకరించు అధికారిని. అది తప్పు. సవరిస్తున్నాను."

శ్రీమతి చెన్ కాగితం తెప్పించి సంతకం సరిచూసింది. ఆయన వైపు గౌరవంగా తల వంచింది. "కావుననే తమకు మినహాయింపు ఇచ్చుట ఎంతమాత్రము సాధ్యము కాదు. నియమము చేసినవారే నియమమును సడలించుకొనినచో తక్కినవారికి మేము ఏమని సమాధానము చెప్పగలము? సవరణ కోరువారు దరఖాస్తు చేసికొనవలెను. పదిహేను పనిదినములలో పరిశీలింపబడును."

పదిహేను పనిదినాలకు ధనుర్మాసమే వెళ్ళిపోతుంది. అయితే కోదండపాణిగారిని కుదిపింది అది కాదు. తక్కినవారికి ఏమని సమాధానం చెప్పగలం అన్న ఆ వాక్యం ఆయనదే. అక్షరం పొల్లుపోకుండా మొన్న ఆగస్టులో తన ఆఫీసుకొచ్చిన ఒక ముసలాయనతో అన్నారు. ఆ ముసలాయన సరేనండి అని, కాగితాలు సంచిలో పెట్టుకుని, మెట్ల దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. అతనికి ఏం కావలసి వచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సంచి మాత్రం గుర్తొచ్చింది.

వకుళమ్మ పిండిగిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆవిడ కళ్ళల్లో కోపం లేదు. గడియారం వంక చూస్తోంది, అంతే.

"అమ్మా," అన్నారు కోదండపాణిగారు, "మీ సర్క్యులర్ ఎవరికి వర్తిస్తుంది?"

"మా హోటలునందు బస చేయుచున్న సకల విదేశీ అతిథులకును."

"బస చెయ్యనివాళ్ళకో?"

శ్రీమతి చెన్ ఆలోచించింది. "బస చేయనివారు అతిథులు కారు. అట్టివారు క్రిస్మస్ లేకుండా ఉండుటకు మాకు అభ్యంతరము లేదు."

"అయితే మేం గది ఖాళీ చేస్తున్నాం. ఈ నిమిషం నుంచి."

"ఏవండీ!" అంది వకుళమ్మ.

"నువ్వు కుక్కరు తీసుకో. నేను పెట్టె తెస్తాను."

లిఫ్టు దగ్గర తాతారావు ఎదురొచ్చాడు. అతని గదిముందు కూడా ముగ్గు ఉండటం వల్ల పంచె సరిగా కట్టుకునే వ్యవధి లేకపోయింది. "బాబాయిగారండీ! ఎక్కడికండీ? ఇంకా రెండ్రోజులుందండీ! ఈ చలిలో పిన్నిగారిని ఎక్కడికి తీసుకుపోతారండీ?"

"నేల మీదికి," అన్నారు కోదండపాణిగారు, లిఫ్టు మీట నొక్కుతూ.

బయట చలి చెంపలు కోస్తోంది. హోటలు ముందు వెడల్పాటి ఫుట్‌పాత్, దాని పక్కన ఆకులు రాలిన చెట్లు. ఆ చెట్ల కింద ఒక ముసలాయన, మనిషంత పొడుగు కుంచె ఒకటి పట్టుకుని, దాన్ని బక్కెట్లో నీళ్ళలో ముంచి, రాళ్ళ మీద పెద్దపెద్ద చైనా అక్షరాలు రాసుకుంటున్నాడు. రాసిన వరుస చివరికి వెళ్ళేసరికి మొదటి అక్షరం ఆరిపోతోంది. ఆయనకు దాని గురించి దిగులేమీ ఉన్నట్టు లేదు. మళ్ళీ మొదటికొచ్చి ఇంకోటి రాస్తున్నాడు.

వకుళమ్మ కొంచెం దూరంలో నేల చూపించి, గిన్నె చూపించి, వేసుకోవచ్చా అన్నట్టు తలూపింది. ముసలాయన గిన్నెలోకి తొంగిచూశాడు. తర్వాత బక్కెట్టు పక్కకు జరిపి చోటిచ్చాడు.

తూర్పున మేడల వెనక ఆకాశం తెల్లబడుతోంది. వకుళమ్మ వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నా చుక్కలు టకటకా పడ్డాయి. ఏనుగుల ముగ్గు వేసింది. దీపం గాలికి రెండుసార్లు ఆరిపోతే కోదండపాణిగారు పెట్టె అడ్డం పెట్టారు. ఆవిడ పాశురం ముగించి కుక్కరు మూత తీసే వేళకు మేడల సందులోంచి సూర్యుడు తొంగిచూశాడు. గడియారం చూస్తే ఆరూ యాభై ఒకటి.

అప్పటికి శ్రీమతి చెన్ కూడా దిగి వచ్చి వెనక నిలబడి ఉంది.

"ఈ స్థలము ఏ విభాగము పరిధిలోనిది?" అని అడిగింది ఆమె ఫోను.

"ముందు ఇది తినమ్మా," అని వకుళమ్మ కాగితం గిన్నెలో వేడివేడి పులగం పెట్టి చేతికిచ్చింది. "ఎప్పుడు లేచావో ఏమో. మొహమంతా పీక్కుపోయింది."

ఫోను ఆ మాటను చైనా భాషలోకి మార్చేసరికి ఎందుకో కొంచెం ఎక్కువసేపు పట్టింది. శ్రీమతి చెన్ విని, ఫోను ఆపి జేబులో పెట్టుకుంది. నిలబడే తినేసింది. మిరియం తగిలినప్పుడు కళ్ళు పెద్దవి చేసింది, ఇంకొంచెం పెట్టించుకుంది. ముసలాయనా తిన్నాడు. ఆ కాసేపట్లో ఎవరూ ఏమీ రాసుకోలేదు.

తర్వాత శ్రీమతి చెన్ మూతి తుడుచుకుని, మళ్ళీ ఫోను తీసి, ముగ్గునూ దీపాన్నీ పెట్టెనూ ముసలాయన్నూ వరసగా ఫొటోలు తీసుకుంది. అలవాటు మరి.

సాయంత్రానికి తాతారావు కాళ్ళావేళ్ళా పడి వాళ్ళిద్దరికీ అదే హోటల్లో ఇంకో గది ఇప్పించాడు. ఆ ఒక్క రాత్రి గడిస్తే మర్నాడు సాయంత్రం విమానం.

ఇరవై ఆరో తారీకు ఉదయం భార్యాభర్తలు చడీచప్పుడూ లేకుండా, పిండీ కుక్కరూ శాలువాలో చుట్టుకుని కిందికి దిగారు. బయట అడుగుపెట్టి ఆగిపోయారు. ఫుట్‌పాత్ మీద కాలుపెట్టే చోటు లేదు. ఇరవై నాలుగు అంతస్తుల అతిథులూ పెట్టేబేడాతో వరసగా నిలబడి ఉన్నారు. గడ్డం పెద్దమనిషి ఈసారి ముందుజాగ్రత్తగా పళ్ళు తోముకునే వచ్చాడు. తెల్లజుట్టు దొరసాని వకుళమ్మకు చెయ్యి ఊపింది. గుమ్మం పైనుంచి లౌడ్‌స్పీకరు అన్ని భాషల్లోనూ చెబుతోంది, తెలుగు వంతు అప్పుడే వచ్చింది.

"సవరణ సంఖ్య ఒకటి. ఇతర క్రిస్మస్ జరుపుకొను అతిథులు సూర్యోదయమునకు పూర్వమే గదులు ఖాళీ చేసి, పెట్టెలతో సహా ఫుట్‌పాత్ మీద నిలబడవలెను. వృద్ధులు, నీటి బక్కెట్లు యాజమాన్యముచే సమకూర్చబడును."

చెట్టు కింద ముసలాయన నెత్తిన ఎవరో ఎర్రటోపీ పెట్టారు. అటూ ఇటూ చెరొక ముసలివాణ్ణి కొత్త కుంచెలిచ్చి నిలబెట్టారు. ముసలాయన కాసేపు చూశాడు. టోపీ తీసి జాగ్రత్తగా చెట్టుకొమ్మకు తగిలించాడు. బక్కెట్టు అందుకున్నాడు. వెళ్ళబోతూ వకుళమ్మను చూసి, కుంచెతో పక్క సందు వైపు చూపించాడు.

ముగ్గురూ ఒకరి వెనక ఒకరు సందులోకి మళ్ళారు. ఇరుకు సందు. పైన వెదురు బొంగుల మీద ఆరేసిన బట్టలు, కింద పాతకాలపు రాళ్ళ నేల. ముసలాయన ఒక పక్క మొదలుపెట్టాడు. వకుళమ్మ రెండో పక్క కూర్చుని చుక్కలు పెట్టసాగింది.

"ఎన్ని చుక్కలే?" అన్నారు కోదండపాణిగారు.

"లెక్కపెట్టకండి."

ఆయన లెక్కపెట్టలేదు. సందు మొదట్లోకి వెళ్ళి, వీధి వైపు తిరిగి, శాలువా రెండు చేతులా బార్లా చాపి పట్టుకుని నిలబడ్డారు. ఒక ఎర్రటోపీ పెట్టెలు లెక్కపెట్టుకుంటూ అటుగా వచ్చింది. శాలువాను చూసింది, ఆయన్ను చూసింది, ఫోను తీసింది.

"గౌరవనీయ అతిథీ! తమ వెనుక ఏమి జరుగుచున్నది?"

ఆయన వెనక నుంచి తడికుంచె రాళ్ళ మీద జారుతున్న చప్పుడు వినిపిస్తోంది. వకుళమ్మ గొంతు తగ్గించి పాశురం అందుకుంది.

"ఏమీ లేదండి," అన్నారు కోదండపాణిగారు.